మెట్ట చేనుకు తగిన మార్కెట్

ఊళ్లో పదిమందిని కూడగట్టగలిగినవారి కోసం ఈ అధ్యాయం. మీరు రైతు కావచ్చు, చదువు ముగించి ఊరికి తిరిగొచ్చిన రైతు బిడ్డ కావచ్చు, పొదుపు సంఘం నడిపే అక్క కావచ్చు. మీ ఊరి రైతులు పురుగుమందు కొట్టకుండా, యూరియా చల్లకుండా పంట తీయడం నేర్చుకున్నారు. జీవామృతం కలుపుతున్నారు, కషాయాలు కాస్తున్నారు, నేలను కప్పి ఉంచుతున్నారు. ఆ కష్టమంతా మూటలు యార్డు గేటు దాటేదాకానే. లోపల మందు కొట్టిన కందులూ కొట్టని కందులూ ఒకే కుప్పలో పడతాయి, ఒకే ధర పలుకుతాయి. పైగా తరుగు, హమాలీ, కమీషన్ అందరికీ సమానమే.

ఇందులో రైతు తప్పు లేదు. యార్డు పెద్ద సరుకు కోసం పుట్టింది. ఒకే పంట, ఒకే రకం, లారీల లెక్కన వస్తే దానికి నడవడం తేలిక. మెట్ట చేను స్వభావం దానికి పూర్తిగా వేరు. వాన ఎప్పుడొస్తుందో తెలియని చోట తెలివైన రైతు ఒకే పంటను నమ్ముకోడు. నాలుగైదు పంటలు కలిపి వేస్తాడు, ఒకటి పోయినా మరొకటి నిలబెడుతుందని. అలాంటి చేనులోంచి ఒక్కో పంటా రెండు మూటలో, నాలుగు మూటలో వస్తుంది. ఆ చిన్న మూటలకు పెద్ద మార్కెట్‌లో విలువ ఉండదు.

ఈ అధ్యాయమంతటికీ ఆధారమైన మాట ఒక్కటే: మెట్ట రైతు ఒక పంటను కాదు, పంటల జట్టును అమ్మాలి. మార్కెట్ కోసం చేనును ఒకే పంటకు కుదించకండి. చేను తీరుకు సరిపోయే మార్కెట్‌ను కట్టుకోండి. అది ఎలాగో ఏడు మెట్లలో చూద్దాం.

మొదటి మెట్టు: చేను క్యాలెండర్‌ను అమ్మకాల క్యాలెండర్‌గా మార్చండి

అనంతపురం సీమనే తీసుకుందాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి, ఈశాన్యం పూర్తిగా అందదు. ఇలాంటి నేలలో దశాబ్దాల పాటు వేరుశనగ ఒక్కటే పంటగా పాతుకుపోయింది. వాన తప్పిన ఏడాది చేను పోయింది, వాన బాగా పడి దిగుబడి పెరిగిన ఏడాది ధర పోయింది. ఈ రెండు దెబ్బలూ తిన్న రైతులే మళ్లీ కొర్ర, కంది, ఉలవ, అలసంద వైపు చూస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి విస్తరిస్తున్న ప్రకృతి వ్యవసాయంలోనూ ఇదే ఆలోచన ఉంది. వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాల విత్తనాలకు పూత పూసి, గుళికలు చేసి చల్లడం, ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉంచడం అందులోని పద్ధతులు.

ఇప్పుడు అమ్మకం కోణంలో ఆ చేనును చూడండి. జూన్, జూలైలో పదును దొరికి విత్తితే పెసర, అలసంద రెండు రెండున్నర నెలల్లో చేతికొస్తాయి. కొర్ర మూడు నెలల లోపే కోతకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ కాయలు పీకుతారు. వానాకాలం చివరి తేమ మీద వేసిన ఉలవ డిసెంబరు, జనవరిలో వస్తుంది. అన్నింటికంటే చివర కంది. అంటే ఆగస్టు చివర మొదలై ఫిబ్రవరి దాకా, దాదాపు ఆరు నెలలు మీ ఊరి నుంచి ఏదో ఒక సరుకు బయటికి వెళ్తూనే ఉంటుంది. ఒకే పంట వేసిన ఊరికి ఈ అవకాశం లేదు. వాళ్ల పంటంతా ఒకే పక్షంలో యార్డుకు చేరుతుంది, ధర కూడా అదే పక్షంలో పడిపోతుంది.

ఒక పెద్ద చార్టు తీసుకోండి. ఎడమవైపు రైతుల పేర్లు, పైన నెలలు రాయండి. ఎవరి చేనులో ఏ పంట ఎన్ని ఎకరాలు, ఏ నెలలో ఎన్ని మూటలు రావచ్చు, ఇంటి తిండికీ విత్తనానికీ ఎంత ఉంచుకుంటారు, అమ్మకానికి ఎంత మిగులుతుంది అనేవి నింపండి. ఇంటికి ఉంచుకునేది ముందు రాయండి, అమ్మేది తర్వాత. కొర్రలు పండించి, వాటిని అమ్మిన డబ్బుతో ఇంటికి పాలిష్ బియ్యం కొనుక్కునే రైతు రెండు చోట్లా నష్టపోతున్నాడు.

ఈ చార్టును విత్తనాలు వేయకముందే ఒకసారి, పూత దశలో మరోసారి నింపండి. మొదటిది అంచనా, రెండోది మాట. కొనేవాళ్లకు ఎప్పుడూ రెండోదాన్ని బట్టే మాటివ్వండి.

రెండో మెట్టు: జట్టు కట్టండి, అందులో ఆడవాళ్ల పేర్లు ముందు రాయండి

రెండెకరాల రైతు ఒంటరిగా పట్నానికి సరుకు పంపితే లాభం మొత్తం రవాణాకే పోతుంది. ముప్పై మంది కలిస్తే ఒక వ్యాను నిండుతుంది. జట్టు కట్టడానికి చట్టపరంగా దారులున్నాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఒకటి. కంపెనీల చట్టంలో 2002లో చేరిన ఉత్పత్తిదారుల కంపెనీ మరొకటి, దానికి పదిమంది ఉత్పత్తిదారులుంటే చాలు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల (ఎఫ్‌పీఓల) పథకం నిర్వహణ ఖర్చులకూ, సభ్యుల వాటాధనానికి జతగా గ్రాంటుకూ వీలు కల్పించింది. ఏ రూపం మంచిదో తేల్చుకోవడానికి ఏళ్లు గడపకండి. మొదటి రెండు సీజన్లు మామూలు రైతు సంఘంగానే సరుకు కలిపి అమ్మి చూడండి. కలిసి అమ్మిన అనుభవం లేకుండా రిజిస్టరైన కంపెనీలు బోర్డు మీద పేరుగానే మిగిలిపోతాయి.

దగ్గరి ఉదాహరణ చూడాలనుకుంటే ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి ప్రాంతానికి వెళ్లండి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం అక్కడ పనిచేస్తోంది. వర్షాధార రైతులే సభ్యులు, వాళ్లే యజమానులు. చిరుధాన్యాలు, వేరుశనగ, పప్పులు రైతుల దగ్గర కొని, శుభ్రం చేసి, మర పట్టించి, సొంత బ్రాండుతో అమ్ముతారు. రాష్ట్రంలోని బాగా పొడినేలల్లో అదొకటి. అక్కడ సాధ్యమైనది మీ ఊళ్లోనూ సాధ్యమే.

మీ జట్టులో సభ్యత్వం పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకే ఇస్తే సగం ఊరు బయటే ఉండిపోతుంది. విత్తనం దాచేది, కలుపు తీసేది, కళ్లంలో తూర్పారబట్టేది, పప్పు విసిరేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. పట్టా మాత్రం వాళ్ల పేరున ఉండదు. కౌలు రైతుదీ అదే పరిస్థితి. ఉత్పత్తిదారుల కంపెనీ చట్టం అడిగేది పండించడం గురించే, భూమి హక్కు గురించి కాదు. వాటా పత్రం ఆమె పేరున రాయండి, సరుకు డబ్బు ఆమె ఖాతాలో వేయండి. సరుకు నాణ్యత ఎవరి చేతుల్లో ఉందో నిర్ణయం కూడా వాళ్ల చేతుల్లోనే ఉండాలి.

మూడో మెట్టు: నమ్మకానికి రుజువు తయారుచేయండి

మందు కొట్టని కందికీ కొట్టిన కందికీ కంటికి తేడా తెలియదు. కొనేవాళ్లు మీ మాటను నమ్మాలి, ఆ మాట వెనుక కాగితం ఉండాలి. విదేశాలకు పంపాలంటే 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద బయటి సంస్థ తనిఖీ, సర్టిఫికెట్ తప్పనిసరి. చిన్న రైతుకు అది ఖర్చుతో కూడిన పని. దేశంలోనే అమ్ముకునేవాళ్లకు పీజీఎస్ అనే భాగస్వామ్య హామీ పద్ధతి సరిపోతుంది. కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపుగా ఏర్పడి, ఒకరి చేనును మరొకరు తనిఖీ చేసుకుంటారు. మార్పు దశలో ఉన్నవాళ్లకు పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారినవాళ్లకు పీజీఎస్ ఆర్గానిక్ గుర్తింపు దొరుకుతుంది. సేంద్రియ ఆహారంపై ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2017లో తెచ్చిన నిబంధనలు, ఏడాది టర్నోవరు రూ.12 లక్షలు దాటని చిన్న ఉత్పత్తిదారులు నేరుగా వినియోగదారుడికి అమ్మితే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చాయి. దుకాణం ద్వారా అమ్మాలంటే మాత్రం గుర్తింపు ఉండాల్సిందే.

పీజీఎస్‌లో కష్టమైన పని తోటి రైతు చేనులో తప్పు కనబడితే చెప్పడం. బావమరిది చేనులో కలుపు మందు డబ్బా కనబడింది, ఏం చేస్తారు? ఇలాంటి సందర్భానికి నియమం ముందే రాసుకోండి. మందు వాడిన చేను సరుకు ఆ ఏడాది జట్టు ద్వారా అమ్మకూడదు. మనిషిని వెలివేయకూడదు. పురుగు ఉధృతి తట్టుకోలేక కొట్టాల్సి వస్తే కొట్టకముందే చెప్పాలి, చెప్పినవాళ్లకు వచ్చే ఏడాది తలుపు తెరిచే ఉండాలి. దాచినవాళ్ల విషయంలో కఠినంగా, చెప్పినవాళ్ల విషయంలో మెత్తగా ఉంటే రైతులు నిజం చెప్పడం అలవాటు చేసుకుంటారు.

దీనికి తోడు ఒక లాట్ పుస్తకం పెట్టండి. మూట జట్టు గోదాములోకి వచ్చిన రోజే తేదీ, రైతు పేరు, పొలం, పంట, తూకం, తేమ రాసి ఒక నంబరు ఇవ్వండి. ఆ నంబరే గోనె మీద, తర్వాత ప్యాకెట్ మీద ఉండాలి. హైదరాబాద్‌లో ఒకామె ప్యాకెట్ విప్పి రాయి దొరికిందని ఫోన్ చేస్తే, ఆ నంబరు చూసి ఏ రోజు మర పట్టించినదో, ఏ కళ్లం నుంచి వచ్చిందో పది నిమిషాల్లో చెప్పగలగాలి. కొత్త ప్యాకెట్ పంపి, ఆ కళ్లానికి ఒక టార్పాలిన్ ఇప్పించండి. ఫిర్యాదు చేసిన ఆమె మీ నమ్మకమైన ఖాతాదారుగా మారుతుంది.

నాలుగో మెట్టు: కళ్లం దగ్గరే నాణ్యత పట్టుకోండి

పొలంలో సాధించినదంతా కళ్లంలో పోగొట్టుకోవచ్చు. ఒక్కో పంటకు ఒక్కో జాగ్రత్త ఉంది.

వేరుశనగకు శత్రువు బూజు. పంట చివర బెట్ట తగిలినా, కాయలు సరిగా ఆరకపోయినా అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కాయలను కుప్పలు పోయకుండా పలుచగా ఆరబోసి, తేమ 8 శాతం లోపుకు వచ్చాకే మూట కట్టాలి. మిషన్‌లో ఒలిచే ముందు పప్పు విరగకుండా కాయల మీద నీళ్లు చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. మీ జట్టులో దాన్ని మానేయండి. కొంత పప్పు విరిగితే నూనెకు పంపుకోవచ్చు, బూజు పట్టినదాన్ని దేనికీ పంపలేం.

కొర్ర, సామ, అరికెల వంటివి పొట్టుతో ఉంటే ఏళ్ల తరబడి నిలవుంటాయి. పొట్టు తీశాక మాత్రం తవుడులోని నూనె వల్ల కొన్ని వారాల్లోనే ముక్కిన వాసన, చేదు మొదలవుతాయి. అందుకే గింజగానే దాచి, ఆర్డరు వచ్చినప్పుడే మర పట్టించండి. మరకు ముందు జల్లెడ, రాళ్లు తీసే యంత్రం తప్పనిసరి. చిరుధాన్యాలు ఒకసారి కొని మళ్లీ కొననివాళ్లను అడిగి చూడండి, పంటి కింద రాయి పడిందనేవాళ్లే ఎక్కువ.

కందులకు పురుగు. గోదాములో మందు బిళ్లలు పెడితే రైతు ఏడాదంతా పడిన కష్టం వృథా. బాగా ఎండబెట్టి, గాలి చొరబడని లోసంచుల్లో మూతి బిగించి కట్టండి. ఎర్రమట్టి పూసి ఆరబెట్టి పప్పు చేసే పాత పద్ధతి మీ ఊళ్లో ఇంకా తెలిసిన అవ్వలుంటే, వాళ్ల దగ్గర నేర్చుకుని అదే పద్ధతిలో కొంత పప్పు చేయించండి. ఆ రుచి తెలిసిన కొనుగోలుదారులు పట్నంలో చాలామంది ఉన్నారు.

ఐదో మెట్టు: ధరను లెక్క కట్టి చెప్పండి

ఎక్కువ జట్లు చతికిలబడేది ఇక్కడే. పక్క దుకాణం ధర చూసి దానికి రెండు రూపాయలు తగ్గించి పెడతారు, ఏడాది చివర నష్టం ఎక్కడొచ్చిందో తెలియదు. ఒక క్వింటా కొర్రల లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు పద్ధతి చూపడానికి మాత్రమే, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

రైతుకు కిలో రూ.40 చొప్పున క్వింటాకు రూ.4,000 ఇచ్చారు. ఊరి నుంచి మరకు తీసుకెళ్లడం, శుభ్రం చేయడం, పొట్టు తీయడం కలిపి కిలోకు రూ.6, అంటే రూ.600. వంద కిలోల గింజల నుంచి 62 కిలోల కొర్ర బియ్యం వచ్చిందనుకుందాం. ప్యాకింగ్, లేబుల్ కిలోకు రూ.5 చొప్పున రూ.310. పట్నానికి రవాణా కిలోకు రూ.4 చొప్పున రూ.248. మొత్తం రూ.5,158. దీన్ని 62తో భాగిస్తే కిలో బియ్యం రూ.83 దాటింది. జట్టు నిర్వహణకు పది శాతం కలిపితే రూ.91.50. దుకాణం తన అమ్మకపు ధరలో నాలుగో వంతు మార్జిన్ అడిగితే, ప్యాకెట్ మీద రూ.122 వేయాలి.

రైతు చేతికి రూ.40, ప్యాకెట్ మీద రూ.122 అని వినగానే ఊళ్లో ఎవరో ఒకరు జట్టే కొత్త దళారీ అయిందంటారు. అందుకే ఈ లెక్క మొత్తాన్ని సంఘం గోడ మీద రాసి పెట్టండి. కిలో బియ్యం రావడానికి కిలోన్నర పైగా గింజలు పట్టాయి కాబట్టి, ఆ కిలో బియ్యంలో రైతుకు ముట్టింది రూ.64.50. కొన్నవాళ్లు ఇచ్చిన ప్రతి రూపాయిలో 53 పైసలు రైతువి. తవుడు, పొట్టు పశువులకు వస్తాయి, వాటి లెక్క కూడా రాయండి. ఖర్చులో ఏ వరుస తగ్గించగలమో అప్పుడు సభ్యులే చెబుతారు. ఊళ్లోనే చిన్న మర పెట్టుకుంటే ఎంత మిగులుతుంది, నేరుగా ఇళ్లకు అమ్మితే దుకాణం మార్జిన్‌లో ఎంత రైతుకు తిప్పవచ్చు అన్న చర్చ అంకెల మీద నడుస్తుంది.

ఒక జాగ్రత్త. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన ధాన్యాలు, పప్పుల మీద జీఎస్టీ 5 శాతం ఉంది. మీ టర్నోవరుకు అది వర్తిస్తుందో లేదో ఆడిటర్‌ను అడిగి ధరలో కలపండి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు, తూకం, ప్యాక్ చేసిన తేదీ, గరిష్ఠ ధర, చిరునామా లేని ప్యాకెట్‌ను ఏ మంచి దుకాణమూ తీసుకోదు.

ఆరో మెట్టు: దగ్గరి నుంచి దూరానికి వెళ్లండి

అందరి చూపూ పట్నం మీదే ఉంటుంది. మొదటి మార్కెట్ మాత్రం మీ ఊరే. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చూపించింది ఇదే. బీడు పడిన భూముల్లో జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, ఊరి పేదలకే అందించే సొంత రేషన్ వ్యవస్థను 1990లలో నడిపారు. పాత పంటల జాతర పేరుతో విత్తనాల బండ్లను ఊరూరా తిప్పి, తినేవాళ్లలోనూ పండించేవాళ్లలోనూ ఆ పంటల మీద గౌరవం నిలబెట్టారు. ఊళ్లో తినే పంటకు బయటి ధర పడిపోయినా ఆసరా ఉంటుంది.

రెండో వలయం మీ మండల కేంద్రం, జిల్లా కేంద్రం. వారపు సంతలో ఒక స్థిరమైన చోటు, టీచర్ల కాలనీ, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రి సిబ్బంది. వందలాది ఇళ్లు అక్కర్లేదు. నెలనెలా తప్పకుండా తీసుకునే నలభై ఇళ్లుంటే జట్టు ఊపిరి పీల్చుకుంటుంది. వాళ్లకు ఒక్కో సరుకు విడిగా అమ్మే బదులు నెల సంచి అమ్మండి: కొర్ర బియ్యం రెండు కిలోలు, కందిపప్పు రెండు కిలోలు, ఉలవలు అర కిలో, అలసందలు కిలో, గానుగ వేరుశనగ నూనె రెండు లీటర్లు. ఆ నెల ఏది పండితే దాన్నిబట్టి సంచి మారుతుంది. మెట్ట చేను తీరుకు సరిగ్గా కుదిరిన అమ్మకం ఇది. అలసందలు పోయిన ఏడాది ఉలవలు ఎక్కువ వేస్తారు, సంచి ఆగదు.

మూడో వలయం పట్నం దుకాణాలు, హైదరాబాద్‌లో సహజ ఆహారం వంటి రైతు కంపెనీల సమాఖ్యలు, బెంగళూరు సేంద్రియ దుకాణాలు. నాలుగోది పెద్ద సంస్థలు. తిరుమలలో 2021లో గో ఆధారిత వ్యవసాయ ఉత్పత్తులతో స్వామికి నైవేద్యం మొదలుపెట్టాక ప్రకృతి వ్యవసాయ రైతులకు దేవస్థానం ఒక పెద్ద కొనుగోలుదారుగా మారింది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చిలో రాగి జావ మొదలైంది. ఒడిశా 2017లో ప్రారంభించిన చిరుధాన్యాల మిషన్ ద్వారా రాగులను మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇచ్చింది. ఇలాంటి కొనుగోళ్లకు పరిమాణం ఎక్కువ, నిబంధనలు గట్టివి. పది పదిహేను జట్లు కలిసి సమాఖ్యగా వెళ్తేనే నిలబడగలరు. మొదటి ఏడాదే అక్కడికి పరుగెత్తకండి.

దుకాణదారుతో మాట్లాడటం చాలామందికి భయం. సాధన చేయండి. జట్టు తరఫున వెళ్లిన అమ్మాయికీ, పట్నం దుకాణం యజమానికీ మధ్య మాటలు ఇలా సాగాలి:

"కొర్రలు నెలకు రెండు టన్నులు ఇవ్వగలరా అమ్మా?"

"అంత ఇవ్వలేం సార్. నెలకు మూడు క్వింటాళ్ల బియ్యం తప్పకుండా ఇస్తాం. దాంతో పాటు కందిపప్పు, ఉలవలు, అలసందలు కూడా మా చేలవే. నాలుగూ కలిపి తీసుకుంటే బండి ఖర్చు మీకూ మాకూ కలిసొస్తుంది."

"ఉలవలు ఇక్కడ ఎవరు కొంటారు?"

"ఇరవై ప్యాకెట్లు పెట్టి చూడండి సార్. ఉలవచారు చేసే విధానం కాగితం మీద అచ్చువేసి ప్యాకెట్‌తో ఇస్తాం. నెల తర్వాత మిగిలినవి వెనక్కి తీసుకుంటాం."

"వానలు పడకపోతే మీ మాట ఏమవుతుంది?"

"సెప్టెంబరు మొదట్లో చేలన్నీ చూసి ఎంత ఇవ్వగలమో రాసిస్తాం. తగ్గితే అప్పుడే చెప్తాం సార్. బయట కొని మాత్రం కలపం."

చివరి మాట మళ్లీ చదవండి. జట్టుకు ఉన్న ఆస్తి అంతా ఆ మాటలోనే ఉంది. ఆర్డరు నింపడానికి యార్డులో నాలుగు మూటలు కొని కలిపిన జట్టు ఒక నెల గడుపుకుంటుంది, ఆ తర్వాత తన పేరును తానే పోగొట్టుకుంటుంది.

ఏడో మెట్టు: డబ్బు తిరిగే దారి వేయండి

కోత కాలంలో రైతుకు డబ్బు అవసరం ఎంతో మీకు తెలుసు. అప్పు తీర్చాలి, బడి ఫీజు కట్టాలి, పండగ చేయాలి. ఊరి వ్యాపారి విత్తనాలకు అప్పిచ్చాడు, కళ్లంలోనే నగదిచ్చి మూటలు ఎత్తుకెళ్తాడు. పట్నం దుకాణం మీకు డబ్బిచ్చేది నెలా నెలన్నర తర్వాత. ఈ మధ్య కాలాన్ని జట్టు మోయగలిగితేనే రైతు మీతో ఉంటాడు. ధర పది శాతం ఎక్కువిస్తామన్నా రెండు నెలలు ఆగమంటే ఆగలేడు, ఆగమని అడిగే హక్కూ మనకు లేదు.

నాలుగు మార్గాలున్నాయి. మొదటిది, మూట దించిన వారంలోపు యార్డు ధర ఖాతాలో వేసి, అదనపు ధరను సరుకు అమ్ముడయ్యాక బోనస్‌గా ఇవ్వడం. రెండోది, నెల సంచి తీసుకునే ఇళ్ల నుంచి మూడు నెలల డబ్బు ముందుగా తీసుకోవడం. పంటను నమ్మి ముందే డబ్బిచ్చే ఇళ్లు ఉంటాయి, అడగడానికి మొహమాటపడకండి. మూడోది, గుర్తింపు ఉన్న గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకు రుణం తీసుకోవడం. నాలుగోది, చేతిలో ఉన్న డబ్బుకు తగినంతే కొనడం. అందరి సరుకూ కొంటామని చెప్పి సగంలో చేతులెత్తేస్తే మరో పదేళ్లు ఆ ఊళ్లో జట్టు మాట ఎవరూ ఎత్తరు. ప్రతి రైతు దగ్గరా మొదటి ఏడాది పంటలో మూడో వంతే కొనండి, మిగతాది వాళ్ల పాత దారిలోనే అమ్ముకోనివ్వండి.

కరువు ఏడాది వస్తే

వస్తుంది. మెట్టలో ఉన్నవాళ్లం దాన్ని అనుకోని సంగతిగా చూడకూడదు. మంచి ఏడాది లాభంలో కొంత విత్తన నిధిగా, కొంత ధాన్యంగా పక్కన పెట్టండి. పొట్టుతో ఉన్న కొర్రలు దానికి బాగా పనికొస్తాయి. కరువు ఏడాది ఆ గింజలే జట్టు సభ్యులకు తిండి, విత్తనం, కాస్త మిగిలితే అమ్మకం. ఖాతాదారులకు చేల ఫొటోలతో, ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాయండి. ఏ పంట పోయింది, ఏది నిలిచింది, ఈసారి సంచిలో ఏముంటుంది, ధర ఎందుకు పెరిగింది అన్నీ చెప్పండి. నిజం తెలిసిన ఖాతాదారు ఆ ఏడాది చిన్న సంచితో సర్దుకుంటారు.

మీలో పెంచుకోవాల్సిన అలవాట్లు

ఈ పని నడిపే మనిషికి పెద్ద చదువు కంటే మూడు అలవాట్లు ముఖ్యం. ఆ రోజు లెక్క ఆ రోజే రాయడం మొదటిది. రాత్రి ఎంత అలసిపోయినా లాట్ పుస్తకం మూయకుండా పడుకోకండి. చేయలేనిదాన్ని చేయలేమని మర్యాదగా చెప్పడం రెండోది. పెద్ద ఆర్డరు చూసి ఒప్పుకోవడం సులువు, దాని కింద నలిగేది రైతులు. మూడోది, మీ తర్వాత మరొకరు చేయగలిగేలా పని నేర్పడం. ధర మాట్లాడటానికి ప్రతిసారీ ఇద్దరు వెళ్లండి, ఒకరు పాత, ఒకరు కొత్త. ఒక్క మనిషి మీద నడిచే జట్టు ఆ మనిషికి జ్వరం వస్తే ఆగిపోతుంది.

ఈ నెలలో చేయాల్సిన పనులు

1. మందులు వాడని ఐదుగురు నుంచి పదిమంది రైతులను ఒకచోట కూర్చోబెట్టి పంటల చార్టు నింపండి. ఇంట్లోని ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి.

2. మీకు తెలిసిన ఇరవై పట్నపు ఇళ్లకు ఫోన్ చేసి, నెలకు ఏ పప్పు, ఏ ధాన్యం, ఎంత వాడతారో అడిగి రాసుకోండి. ఏమీ అమ్మకండి, కేవలం అడగండి.

3. ఒకే పంటకు, ఒక క్వింటాకు, పైన చూపినట్టు ధర లెక్క వేయండి. మర యజమానినీ, వ్యాను డ్రైవర్‌నూ అడిగి అసలు అంకెలు తెచ్చుకోండి.

4. దగ్గర్లో నడుస్తున్న ఏదైనా రైతు కంపెనీ గోదాముకు వెళ్లి, వాళ్ల లాట్ పుస్తకం చూపించమని అడగండి.

5. బయటి సరుకు కలపకూడదన్న నియమాన్ని తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసి సభ్యులందరి చేతా సంతకం పెట్టించండి.

ఈ ఐదు పనులూ అయ్యేసరికి మీ దగ్గర చార్టు, ఖాతాదారుల జాబితా, ధర లెక్క, సంతకాల కాగితం ఉంటాయి. రిజిస్ట్రేషన్, గ్రాంటు, యంత్రం వీటి తర్వాత రావాల్సినవే. ముందుగా వచ్చే సీజన్‌కు పది ఇళ్లకు పది సంచులు మాటిచ్చిన తేదీకి చేర్చండి. ఆ పది ఇళ్ల డబ్బు రైతుల ఖాతాల్లో పడిన రోజు, చేనులో నాలుగు పంటలు కలిపి వేయడానికి మీ ఊరి రైతుకు ఇంకో బలమైన కారణం దొరుకుతుంది.